బూరెలో దాచిన గుమ్మడి

సూర్యకళగారు రోజూ తెల్లవారుజామునే, ఇంట్లో ఇంకెవరూ లేవకముందు, వంటింట్లో నేల మీద కూర్చుని చప్పుడు కాకుండా కూరగాయలు తురుముకునేవారు. పళ్లెం గలగలమంటుందని దాని కింద పాత తువ్వాలు మడత పెట్టుకునేవారు. పని అయ్యాక తొక్కలూ గింజలూ ఒక్కటి కూడా మిగలకుండా ఏరి బేసిన్‌లో వేసి, పైన కొంగు కప్పి, వీధి చివర ఉండే నూకరత్నం గేదెకు పెట్టి వచ్చేవారు.

"ఏంటండీ కళమ్మగారూ, తొక్కలకి కూడా కొంగు కప్పుకొస్తారు? దొంగసొమ్మా ఏంటండి?" అని నూకరత్నం నవ్వేది.

"అలాంటిదేలే. మీ గేదె ఎవరికీ చెప్పదుగా."

"అది చెప్పదండి. కానీ మీ అడుగు వినపడితే చాలు, తాడు తెంపేసుకుంటోందండి బాబూ."

నూకరత్నం ఊరికే ఉండే మనిషి కాదు. గేదె ఈనినప్పుడల్లా ఆ బేసిన్‌లోనే జున్నుపాలు పోసి, "గేదె పంపించిందండి" అని ఇచ్చి వెళ్లేది. మా వీధిలో ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలకు లోటు లేదు. భీమేశ్వరస్వామి దయ వల్ల ద్రాక్షారామం చుట్టుపట్ల ఊళ్లలో ఇంకా ఆపాటి మంచితనం మిగిలే ఉంది.

సూర్యకళగారికి దొంగచాటు పనులు అలవాటు లేవు. ఆవిడ చదివింది ఏడో తరగతే అయినా మా వీధిలో ఎవరి మధ్యన మాట తేడా వచ్చినా, "కళ ఏమందో అడగండి" అనేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి ఆవకాయ జాడీ చెయ్యి జారి పగిలితే, పిల్లి మీదకి నెట్టెయ్యమని తోడికోడలు చెప్పిందట. ఈవిడ ఊడ్చిన పెంకులు చేటలో పట్టుకుని తిన్నగా అత్తగారి ముందుకే వెళ్లి నుంచున్నారట. ఆ రోజు తిట్లు తిన్నారు గానీ, ఆ తరవాత అత్తగారు కొట్టుగది తాళాలు ఈవిడకే ఇచ్చారు. అలాంటి మనిషి తొక్కల మీద కొంగు కప్పుకుని నడిచారంటే అది మనవరాలి కోసం.

ఆ మనవరాలు శ్రీసత్య, ఒకటో తరగతి చదువుతోంది. పెరుగన్నం, బిస్కెట్లు, తీపి వస్తువులు తప్ప ఏదీ నోట పెట్టదు. కూర ముక్క తగిలిందంటే చాలు, నాలుక బయటపెట్టి చేత్తో తుడిచేసుకుంటుంది. సాంబారు పోస్తే ముక్కలన్నీ కంచం అంచున గోడలా పేర్చి, లోపల పెరుగన్నం తినేది. ఎదురింటి బుల్లెమ్మగారు అది చూసి, "ఏమే కళా, మేమంతా కాశీ వెళ్లి ఒక్క కూరే వదిలేసి వచ్చాం. నీ మనవరాలు కాశీ వెళ్లకుండానే అన్నీ వదిలేసిందే! మాకంటే దానికే పుణ్యం ఎక్కువ" అని నవ్వేవారు.

నవ్వులతో పోతే బాగుండేది. పిల్ల పాలిపోయింది. బడి మెట్లెక్కితే ఆయాసపడుతోందని టీచరు కబురు పెట్టింది. రామచంద్రపురంలో డాక్టరుకి చూపిస్తే, రక్తం బాగా తక్కువగా ఉంది, ఆకుకూరలూ కాయగూరలూ పెట్టాలన్నాడు. కోడలు సుప్రజ బ్యాంకులో పని చేస్తుంది. పొద్దున స్కూటీ మీద వెళితే సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వస్తుంది. "మీ చేతిలోనే ఉంది అత్తయ్యగారూ, ఎలాగైనా మీరే తినిపించాలి" అంది. ఫోన్‌లో ఏవేవో చూసి, తీపి వస్తువుల్లో కూరలు కలిపి పెడితే పిల్లలకి తెలియదట అని చెప్పింది కూడా తనే.

అలా మొదలైంది. సున్నుండల్లో మునగాకు పొడి కలిపారు. పొట్టు మినుముల నలుపులో ఆకు రంగు తెలియలేదు. పాలకోవాలో సొరకాయ తురుము కలిపారు. కానీ శ్రీసత్యకి ప్రాణం బూరెలంటే. సూర్యకళగారు సంతలో కోసి అమ్మే తీపి గుమ్మడి ముక్క తెచ్చి, ఉడకబెట్టి మెదిపి, చెమ్మంతా ఇగిరిపోయేదాకా బెల్లంతో మగ్గబెట్టి, ఉడికిన శనగపప్పులో కలిపి పూర్ణం చేసేవారు. చెమ్మ ఉంటే బూరె నూనెలో పేలిపోతుంది. మొదటిసారి రెండు పేలి ఆవిడ మోచేతి మీద బొబ్బలొచ్చాయి. పప్పు పసుపులో గుమ్మడి పసుపు కలిసిపోయింది. పిల్ల లొట్టలేసుకుంటూ తింది. వారంలో రెండుసార్లయినా బూరెలు కావాలంది.

పిల్లలు అమాయకులంటారు గానీ శ్రీసత్య అంత అమాయకురాలు కాదు. ఒకరోజు బూరె విరిచి, లోపలికి ఒక కన్ను మూసి చూసింది.

"మామ్మా, ఇందులో కూర వేశావా?"

"బూరెలో కూరెవరైనా వేస్తారే పిచ్చితల్లీ?"

"వేశావా, లేదా? అది చెప్పు."

"లేదమ్మా. పప్పూ బెల్లమూ, అంతే."

"నా మీద ఒట్టు?"

అని మామ్మ చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుంది. అప్పుడే నూనె రాసి, దువ్వి, జడలు వేసిన తల. ఆ వెచ్చదనం అరచేతికి తగులుతుండగా సూర్యకళగారి నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"ఒట్టు."

పిల్ల హాయిగా తినేసి ఆడుకోవడానికి వెళ్లింది. ఆవిడ ఆ చేతిని కొంగుకి తుడుచుకున్నారు. నూనె పోయింది. ఆ వెచ్చదనం మాత్రం వదల్లేదని చాలా రోజుల తరవాత ఆవిడే నాతో అన్నారు. సుప్రజకి చెబితే, "దానిదేముంది అత్తయ్యగారూ, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేయండి" అని నవ్వేసింది. కోడలు చెడ్డది కాదు. కూతురి బుగ్గల మీద ఎరుపు చూసిన సంతోషంలో ఉంది. సూర్యకళగారు మాత్రం ఆ సోమవారం ద్రాక్షారామం వెళ్లి, భీమేశ్వరస్వామి ముందు దీపం పెట్టి, "చెయ్యి నాది స్వామీ, తల మాత్రమే పాపది. ఏమైనా చెయ్యదలుచుకుంటే నా చేతికే చెయ్యి" అని వేడుకున్నారు. అర్చనకి పూజారిగారు గోత్రనామాలు అడిగితే గోత్రం చెప్పారు గానీ, పాప పేరు చెప్పడానికి నోరు రాలేదట.

అయినా బూరెలు ఆపలేదు. ఎలా ఆపుతారు? మళ్లీ పరీక్ష చేస్తే రక్తం పెరిగిందని వచ్చింది. పిల్ల మెట్లు పరుగున ఎక్కుతోంది.

ఇంతవరకూ అది నాన్నమ్మకీ మనవరాలికీ మధ్య సంగతి. అది ఇంటి గడప దాటి బయటికి వెళ్లిన సంగతి సూర్యకళగారికి తెలియదు.

బడి ఆటో బుల్లెమ్మగారి అరుగు ముందు ఆగుతుంది. శ్రీసత్య అక్కడ కూర్చుని ఆటో కోసం చూసేది. బుల్లెమ్మగారు పెద్దావిడ, భర్త చంద్రరావుగారు పోయాక ఒక్కరే ఉంటున్నారు. పిల్ల రిబ్బను ఊడితే కట్టడం, షూ లేసు ముడెయ్యడం ఆవిడ వంతు. ఆటో అబ్బాయి కూడా, ఆవిడ ముడెయ్యడం పూర్తయ్యేదాకా హారన్ కొట్టకుండా ఆగేవాడు. పిల్ల ఆవిడని "తాతమ్మా" అనేది. టిఫిన్ బాక్సులో మామ్మ పెట్టిన బూరెల్లో ఒకటి తీసి తాతమ్మ చేతిలో పెట్టేది. ఎవరూ చెప్పలేదు, దాని అంతట అదే పెట్టేది. తనకి ఇష్టమైంది ఇంకొకరికి పెట్టడం ఆ వయసులో అందరికీ రాదు. అది మామ్మ చేతుల్లో పెరిగిన పిల్ల మరి.

ఒకరోజు మధ్యాహ్నం బుల్లెమ్మగారు అరుగు మీద నుంచి పిలిచారు.

"ఏమే కళా! నీ చేతిలో ఏం మహిమ ఉందే? పళ్లు లేని దానికి కూడా వెన్నలా కరిగిపోతున్నాయే నీ బూరెలు."

"నా బూరెలా? మీరెప్పుడు తిన్నారు పిన్నిగారూ?"

"నీకు తెలీదా? నీ మనవరాలు నాకో వాటా పెడుతోందే, ఎప్పట్నించో. మొన్న ఒకటి చాలక, సిగ్గు విడిచి రెండోది అడిగి తిన్నాను. ఇదిగో విను, వచ్చే వారం మీ బాబాయిగారి తిథి. ఆయనకి బూరెలంటే ఎంత ఇష్టమో నీకు తెలుసుగా. ఈసారి నువ్వే చెయ్యాలి. అచ్చం ఇదే రుచి ఉండాలి, తెలిసిందా?"

సూర్యకళగారు "అలాగేనండి" అనేసి ఇంట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డారు.

కాశీ, గయ వెళ్లినవాళ్లు తమకిష్టమైన కూర ఒకటి, పండు ఒకటి అక్కడ వదిలేసి రావడం మనవైపు ఆచారం. ఇక బతికున్నంతకాలం దాన్ని ముట్టరు. గడుసువాళ్లు ఎలాగూ తినని కాకరకాయో మరోటో వదిలి వచ్చేస్తారు. చంద్రరావుగారు అలాంటివారు కాదు. ఆయనకి గుమ్మడికాయ పులుసుంటే ఇంకేమీ అక్కర్లేదు. గయలో పంతులుగారు అడగ్గానే గుమ్మడికాయ అనేశారట. బుల్లెమ్మగారు ఆ కథ మా అందరికీ ఎన్నోసార్లు చెప్పారు. "నేను చేమదుంప అందామనుకుంటూనే వెళ్లానమ్మా. ఆయన మొహం చూసి నేనూ గుమ్మడికాయే అన్నాను. ఉన్నది ఒకటే పొయ్యి. ఆయన వదిలేసింది ఆయన ఎదురుగా నేనెలా తింటాను?" పెళ్లి భోజనాల్లో దప్పళం వస్తుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాయనా, గుమ్మడి ముక్క ఉందా అందులో?" అని అడిగే మనిషి ఆవిడ. ఆయన పోయాక కూడా మానలేదు.

అలాంటి మనిషి చేత, ఆవిడకి తెలియకుండా, వాయి వెంట వాయి తినిపించింది తన చెయ్యి.

సాయంత్రం సుప్రజకి చెప్పారు. "తిథికి ఉత్త పప్పుతోనే చేసెయ్యండి అత్తయ్యగారూ. ఆవిడకి తెలీదు. తెలిస్తే ఎంత బాధపడతారో ఆలోచించండి. పైగా ఆవిడకి చెబితే పాపకి తెలుస్తుంది, మళ్లీ మొదటికొస్తాం."

అందులో తప్పేమీ కనపడలేదు. ఉత్త పూర్ణంతో చేసి, పైన నాలుగు చుక్కలు నెయ్యి వేస్తే ఎవరికీ తెలియదు. పాప తింటూనే ఉంటుంది, ఆవిడ సంతోషంగానే ఉంటుంది. తను నోరు మూసుకోవడం ఒక్కటే కావలసింది. రెండు రోజులు సూర్యకళగారు అదే నిశ్చయంతో తిరిగారు. ఆ రెండు రోజులూ ఎదురింటి వైపు చూడకుండా ముగ్గు వేశారట.

మూడోనాడు పొద్దున పాలు తీసుకుని వస్తుంటే బుల్లెమ్మగారు అరుగు మీద చేట పెట్టుకుని కూర్చున్నారు. చేటలో శనగపప్పు.

"పప్పు నేనే ఏరుతున్నానే. నీకెందుకు ఆ శ్రమ? ఆయనకి పెట్టేది కదా, నా చెయ్యి కూడా పడనీ" అన్నారు నవ్వుతూ. కళ్లకి బాగా దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క బద్దా చూస్తున్నారు.

ఆ చేట చూసి సూర్యకళగారు ఇక దాచలేకపోయారు.

"పిన్నిగారూ, పాప మీకు పెట్టిన బూరెల్లో గుమ్మడికాయ ఉందండి."

"ఎందులో?"

"బూరెల్లో. కూరలు తినడం లేదని నేనే పూర్ణంలో కలిపాను. పాపకి తెలీదు. మీకు పెడుతోందని నాకు తెలీదు."

"అన్నిట్లోనా?"

"అన్నిట్లోనూనండి."

బుల్లెమ్మగారి వేళ్లు పప్పులో ఆగిపోయాయి. కోప్పడతారేమో, శాపనార్థాలు పెడతారేమో అనుకుని సూర్యకళగారు తల వంచుకుని నుంచున్నారు. అవేమీ లేవు.

"ఎక్కడో తెలిసిన రుచిలా ఉందే అనుకున్నాను" అన్నారు చివరికి. "బెల్లం మంచిదేమో అనుకున్నాను. అడిగి మరీ తిన్నాను చూడు."

"తెలియక తిన్నారు. పాపమంతా నాది పిన్నిగారూ."

"పాపం సంగతి దేవుడు చూసుకుంటాడమ్మా. ఆయనా నేనూ కలిసి చేసిన పనుల్లో ఇంకా నేను చేస్తున్నది అదొక్కటే. మిగతావన్నీ ఆయనతోటే పోయాయి." చేట పక్కకి జరిపారు. "వెళ్లు, పాపకి బడి టైమవుతోంది."

ఎప్పుడూ "ఏమే కళా" అనే మనిషి "అమ్మా" అన్నారు. ఆ మర్యాద కంటే రెండు చెంపదెబ్బలు తేలికగా ఉండేవి.

తిథి రోజున బుల్లెమ్మగారు పరమాన్నం వండి పెట్టుకున్నారు. గుడి పూజారిగారు, తెలియక తిన్నదానికి దోషం లేదు, స్వామికి చెప్పుకోండి చాలన్నారు. "స్వామికి చెప్పుకున్నాను, మా ఆయనకే ఎలా చెప్పుకోవాలో తెలియలేదు" అని ఆవిడ నాతో అన్నారు. ఆ తరవాత సూర్యకళగారితో మాటలు లేవు. అయినా పాపని దూరం పెట్టలేదు. రోజూ రిబ్బను కడుతూనే ఉన్నారు. పాప బూరె అందిస్తే మాత్రం, "నాకు పళ్లు నొప్పి తల్లీ, నువ్వు తినేయి" అనేవారు. అప్పటికి సూర్యకళగారు బూరెల్లో గుమ్మడి మానేశారు. అది ఆవిడకి ఎవరు చెప్పాలి? చెబితే ఎందుకు నమ్మాలి?

పాప రెండు మూడుసార్లు చూసింది. ఒక సాయంత్రం పుస్తకాల సంచి దించకుండానే అడిగింది.

"మామ్మా, తాతమ్మకి నా మీద కోపమా? బూరె మెత్తగానే ఉందంటే కూడా వద్దంటోంది. నేనేం చేశాను?"

వెనక నుంచి సుప్రజ చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపింది. కానీ పిల్ల తన వైపు తప్పు వెతుక్కుంటుంటే సూర్యకళగారు చూడలేకపోయారు. పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పారు. సున్నుండల్లో మునగాకు, కోవాలో సొరకాయ, బూరెలో గుమ్మడి. తాతమ్మ గుమ్మడికాయ ఎందుకు తినదో కూడా చెప్పారు.

పాప ఏడవలేదు. మెల్లగా చెయ్యెత్తి తన నెత్తి మీద పెట్టుకుంది.

"మరి ఒట్టు వేశావు కదా. నా తల పగిలిపోతుందా?"

"లేదమ్మా! నీకేం కాదు. తప్పు చేసింది నేను."

"నువ్వు చెబితే నాకెలా తెలుస్తుంది?"

అంత చిన్న నోట అంత పెద్ద మాట. కోపంతో అన్నది కాదు, నిజంగా తెలియక అడిగింది.

ఆ రోజు నుంచి పిల్ల మామ్మ చేతి వంట ముట్టలేదు. అమ్మ పెరుగన్నం కలిపి పెట్టినా వేలితో కెలికి కెలికి చూసి, ఒక ఆవగింజ కనపడినా కంచం తోసేసేది. బిస్కెట్ ప్యాకెట్ కూడా తన ఎదురుగానే చింపాలి. మంచినీళ్లు గ్లాసులోకి తొంగి చూసి తాగేది. పోట్లాట లేదు, అలక లేదు, చూపులో జాగ్రత్త మాత్రమే. వచ్చిన రక్తం మళ్లీ పోతుందేమోనని సుప్రజ ఒక పక్క కుమిలిపోతుంటే, ఒక పూట మాట తూలింది కూడా: "మీరు చెప్పకుండా ఉంటే పోయేది కదా అత్తయ్యగారూ." ఆ వెంటనే నాలుక కరుచుకుని కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది. సూర్యకళగారు కాఫీ తాగారు. వీధిలో ఎవరైనా "కళ చెబితే నిజమే" అంటే, ఆవిడ ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయేవారు.

పది రోజులో పదిహేను రోజులో గడిచాయి. ఒక ఉదయం ఆటో వెళ్లిపోయాక, దుమ్ము ఇంకా అణగకముందే, సూర్యకళగారు వీధి దాటి ఎదురింటి ముందు నుంచున్నారు. అరుగెక్కలేదు. బుల్లెమ్మగారు తులసికోట దగ్గర చెంబు దించి చూశారు. నేను అప్పుడు వాళ్ల వాకిట్లో మందారాలు కోసుకుంటున్నాను, వెళ్లిపోబోతే సూర్యకళగారే, "ఉండండి, మీరు విన్నా ఫర్వాలేదు" అన్నారు.

"మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చానండి. అడిగే మొహం నాకు లేదు. మీకు చేసిన దానికి క్షమించమని కూడా అడగడం లేదు."

"ఏంటో చెప్పు."

"పాప అన్నం తినడం లేదు పిన్నిగారూ. కూరల సంగతి వదిలేయండి, నా చేతి మెతుకు ముట్టడం లేదు. నేనేం చెప్పినా నా మొహం వైపే చూస్తుంది, నమ్మాలా వద్దా అన్నట్టు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేశారు. "రేపు పొద్దున మీరొకసారి మా వంటింట్లోకి వచ్చి కూర్చుంటారా? పొయ్యి పక్కన పీట వేస్తాను. నేను ఏది కోస్తున్నానో, ఏది గిన్నెలో వేస్తున్నానో, అంతా మీ కళ్ల ముందే చేస్తాను. తరవాత పాప అడిగితే అందులో ఏముందో మీరు చెప్పండి. కూర ఉంటే ఉందనే చెప్పండి, తినకపోతే తినకపోనీ. నా మాట నమ్మడం లేదండి అది. మీరు చెబితే నమ్ముతుంది."